నకలులో రాయని మూడు పంక్తులు

పాత దస్తావేజులు చదవడం నేర్చుకుంటున్న కొత్త ఉద్యోగులకు నాలుగు మాటలు చెప్పమని ఆమధ్య నన్ను అమలాపురం పిలిచారు. గంట ఇస్తామన్నారు. అందులో నాకు శాలువా కప్పడానికి, కప్పింది ఫొటోలో సరిగ్గా పడలేదని మళ్లీ కప్పడానికి, నాకంటే ముందు లేచినాయన ప్రాచీన లిపుల వైభవం గురించి గొంతు చించుకోవడానికి నలభై నిమిషాలు పోయాయి. ఆయన చేతిలో సొంత తాతగారి ఉత్తరం పెడితే తలకిందులుగా పట్టుకుంటాడు. మిగిలిన ఇరవై నిమిషాలూ పిల్లలు ఫోన్లు చూసుకున్నారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు కామేశ్వరి. కోనసీమలోనే ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై రెండేళ్లు నకళ్లు రాశాను. ఏ ఊరి ఆఫీసో చెప్పను. ఇప్పుడక్కడ పనిచేస్తున్నవాళ్లకి లేనిపోని తలనొప్పి ఎందుకు? నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఎవరు అడ్డుపడ్డారో కూడా రాయను. రిటైరైన ప్రతివాళ్లూ అవే రాస్తారు, ఎవరూ చదవరు.

వేలితో చదవడం

ముందు పని ఏమిటో చెబుతాను. పొలమో తోటో అమ్మినప్పుడు దస్తావేజు రాసి రిజిస్టరు చేయిస్తారు. అసలు కాగితం కొన్నవాళ్లు పట్టుకెళ్తారు. దాని ప్రతి ఆఫీసులో ఒక లావుపాటి పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పుస్తకాన్ని సంపుటం అంటాం. రెండు మూడు తరాల తర్వాత ఎవరికైనా దానితో పనిబడితే సంపుటం తీసి, చదివి, అందరికీ తెలిసే రాతలో నకలు రాసి, ముద్ర వేసి ఇవ్వాలి.

చెప్పినంత సులువు కాదు. పాత సంపుటాలన్నీ గొలుసుకట్టు రాత. రాసినవాడు పంక్తి మొదట్లో కలం పెడితే సిరా అయిపోయేదాకా ఎత్తడు. అక్షరం తోక పట్టుకుని ఇంకో అక్షరం వేలాడుతుంది. తలకట్లు ఉండవు, మాటకీ మాటకీ మధ్య సందు ఉండదు. బురదలో పీతలు పరిగెత్తిన జాడలా ఉంటుంది. దానికి తోడు మన ఉప్పుగాలి, చెదలు, వరదనీటి మరకలు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక్క పంక్తి చదవలేక ఏడ్చాను.

అప్పుడు పెద్ద గుమాస్తా సత్తిరాజు గారు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

"అమ్మాయీ, కళ్లతో చదివితే రాదిది. కాగితానికి తగలకుండా వేలు ఆ గీతెంట గాల్లో తిప్పు. రాసినోడి చెయ్యి ఎలా తిరిగిందో నీ చెయ్యీ అలా తిరగాలి. ఎక్కడ తిరగనంటే అక్కడ నువ్వు తప్పు చదివేవన్నమాట."

ఆరు నెలలు అలా తిప్పించారు. సిరాబుడ్డిలో ముంచగానే రాత నల్లగా ఉంటుందనీ, పోనుపోను పలచబడుతుందనీ, అలవాటైన మాటలు వచ్చినచోట చెయ్యి పరిగెడుతుందనీ, కొత్త మాట వచ్చినచోట నెమ్మదించి అక్షరాలు విడివిడిగా పడతాయనీ ఆయనే చూపించారు. సత్తిరాజు గారు దేవుడేమీ కాదు. పనిమీద వచ్చినవాళ్లను గుమ్మంలో గంటలు గంటలు నిలబెట్టేవారు, చొక్కా నలిగినవాళ్లనైతే మరీను. కానీ కళ్లకు కనిపించని మాట ఒక్కటి ఆయన నకలులో రాయలేదు. తెలియకపోతే "చదువ శక్యము కాలేదు" అని రాసి సంతకం పెట్టేవారు. ఆ మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు పాత రాత చదివే ఫోన్ యాప్ ఒకటి వచ్చిందట. అమలాపురంలో ఒకబ్బాయి గర్వంగా చూపించాడు. దస్తావేజు ముందు పెడితే తడుముకోకుండా గడగడా చదివేసింది. సగం కాగితంలో లేదు. అలవాటైన మాటలన్నీ తెచ్చి ఖాళీల్లో కూరింది. అందరితోపాటు నేనూ నవ్వాను. నవ్వే అర్హత నాకు లేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

చదవలేనిదల్లా రహస్యమే

ఈ పనిలోకి వచ్చేవాళ్లలో సగంమందికి గూఢలిపులు, నిధులు, సంకేతాలు అంటే పిచ్చి. ఆ పిచ్చి ఉన్నవాళ్లు దయచేసి వేరే పని చూసుకోండి.

కొత్తపేట వైపు నుంచి ఒక రైసుమిల్లు యజమాని మా ఇంటికి తాటాకుల కట్ట ఒకటి పట్టుబట్టలో చుట్టి తెచ్చాడు. పాత ఇల్లు పడగొడుతుంటే గోడలో దొరికిందట. అప్పటికే ఒక జ్యోతిష్కుడు చూసి, ఇది సంకేతలిపి, నూతి నుంచి తూర్పుగా ఏడడుగులు అని తేల్చాడు. ఈయన ఏడడుగులు తవ్వించాడు, తర్వాత అనుమానం వచ్చి నాలుగు దిక్కులా తవ్వించాడు. నూతిగట్టు కూలిపోయాక నా దగ్గరికొచ్చాడు.

ఆకుల మీద మసి రాసి తుడిచి చదివాను. పాడిగేదె మేత మానేస్తే వాము, ఉప్పు, పాతబెల్లం ఏ పాళ్లలో నూరి పెట్టాలో ఉంది. పొదుగు వాస్తే ఏం కట్టాలో ఉంది.

"ఇంకోసారి చూడండి మేడంగారూ. పైకి గేదె అని రాసినా లోపల ఇంకేదో అర్థం ఉంటాదండి."

"ఉందండి. ఎవరో తమ గేదెను బతికించుకున్నారు."

ఆయన పట్టుబట్ట మాత్రం మడిచి జేబులో పెట్టుకుని, ఆకులు నా బల్లమీదే వదిలేసి వెళ్లాడు.

ముప్పై రెండేళ్లలో దాచిపెట్టాలని రాసిన కాగితం ఒక్కటి కూడా నేను చూడలేదు. వాళ్లు తొందరలో రాశారు, మనం బద్ధకంతో చదవలేకపోతున్నాం. అంతే తేడా. బద్ధకం అని ఊరికే అనడం లేదు. ఆ రోగం నాకే వచ్చింది.

చెయ్యి తిరిగిందన్న పొగరు

సత్తిరాజు గారు వెళ్లిపోయాక వచ్చిన సూపరింటెండెంటు గారికి రోజుకు ఎన్ని నకళ్లు బయటికి వెళ్లాయన్నదే లెక్క. గొలుసుకట్టులో ఒక్క మాట చదవడం ఆయనకు రాదు. రాకపోవడం ఆయన హోదాకు తగ్గ విషయమన్నట్టు కుర్చీలో వెనక్కి వాలి, "ఎందుకమ్మా అంతసేపు? అన్నిట్లోనూ అదే సోది కదా" అనేవారు.

ఒకరకంగా నిజమే. ప్రతి విక్రయ దస్తావేజులోనూ సరిహద్దులు చెప్పాక ఒక పాఠం వస్తుంది. నిధి నిక్షేప జల తరు పాషాణాలతో సహా, పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వహక్కులతో సుఖంగా అనుభవించవలసినది అని పది పన్నెండు పంక్తులు. పురోహితుడి సంకల్పంలా అందరికీ అదే. మొదట్లో ప్రతిసారీ వేలు తిప్పి చదివేదాన్ని. తర్వాత 'నిధి' అన్న మాట కనిపించగానే కళ్లు కిందనున్న చేవ్రాళ్ల దగ్గరికి దూకేవి, చెయ్యి దానంతటది పాఠం రాసుకుపోయేది. అంటే ఆ పన్నెండు పంక్తులూ కాగితం చూసి కాదు, నా బుర్రలోంచి రాసేదాన్ని. మా ఆఫీసులో అందరూ అలాగే చేసేవారు. కొత్తగా చేరిన ఇద్దరికి ఆ ఒడుపు నేనే నేర్పాను. చెయ్యి తిరగడం అంటే ఇదీ అని గొప్పగా చెప్పాను కూడా.

సూపరింటెండెంటు గారు నన్ను మెచ్చుకున్నారు. ఆయన మెచ్చుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

దేవదానం

ఐ.పోలవరం మండలంలో ఒక పేట ఉంది. పేటవాళ్లు చనిపోయినవాళ్లను ఒక కొబ్బరితోట గట్టుమీదుగా తీసుకెళ్లి, అవతలనున్న దొడ్డిలో సమాధి చేసుకునేవారు. ఎన్నో తరాలనుంచి అదే బాట. తోట చేతులు మారింది. కొన్నవాళ్ల మనవడు తోట కొట్టించి రొయ్యల చెరువులు తవ్వి, గట్టుకు అడ్డంగా ఇనుపగేటు బిగించాడు. ఇది మా భూమి, మీ దారి ఏ కాగితంలో ఉందో చూపించండి అన్నాడు.

దేవదానం అని, పేటలో పెద్దాయన, ఆ పాత దస్తావేజు నకలు కోసం మా ఆఫీసుకొచ్చాడు. సంపుటం అంచులు పొడుంలా రాలుతున్నాయని జిరాక్సు మిషను మీద పెట్టనిచ్చేవాళ్లు కాదు. నేనే చేత్తో నకలు రాసి ఇచ్చాను. మర్నాడు మళ్లీ వచ్చాడు. ప్లీడరు గారు చదివి, ఇందులో దారి మాటే లేదన్నారట.

"మా తాత చెప్పేడండి అమ్మగారూ. తోట అమ్మేటప్పుడు ఆ దొరగారు దారి సంగతి కాగితంలో రాయించేరంట. మా తాత అక్కడే నిలబడ్డాడంటండి. మళ్లీ ఒక్కసారి చూడండి."

ఆ సంపుటం నా వెనక బీరువాలోనే ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు.

"ఎన్నిసార్లు చూడమంటావయ్యా? లేనిది చూస్తే వస్తుందా?" అన్నాను.

"ఆయ్. అలాగేనండి," అన్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు.

ప్లీడరు గారు కాగితం లేని కేసు వద్దన్నారు. పేటవాళ్లు ఊరుకున్నారు. ఆ రోజు నుంచి పదకొండేళ్లపాటు శవాన్ని భుజాలమీద పెట్టుకుని, చుట్టూ తిరిగి, మురుగుకాలువలో దిగి అవతలికి మోశారు. ఇదేదీ నాకు తెలియదు. భోజనానికి వెళ్లి వచ్చి ఇంకో నకలు రాశాను.

దీనమ్మ

నేను రిటైరైన మూడో ఏడు ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. కువైట్‌లో చాలా ఏళ్లు ఇళ్లలో పనిచేసి తిరిగొచ్చిందట. పేరు దీనమ్మ, దేవదానం కూతురు. దేవదానం పోయి అప్పటికే కొన్నేళ్లయింది. ఆ పేరు చెప్పినా నాకు ఎవరూ గుర్తుకు రాలేదు.

సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. ఒకటి నేను రాసిన నకలు, లామినేషన్ చేయించి ఉంది. రెండోది సంపుటం పుటకు ఫొటో. ఇప్పుడన్నీ స్కాన్ చేశారు కాబట్టి దరఖాస్తు పెడితే ఇస్తున్నారు.

"ఇది మీ రాతేనాండి?"

"నాదే."

"మీ నకల్లో ఉన్న ప్రతి మాటకీ ఈ పాతరాతలో జత దొరికిందండి. ఇదిగో, పెన్సిలుతో గుర్తులు పెట్టేను. ఈ మూడు వరసలకి మాత్రం మీ నకల్లో జత లేదండి."

నాకు ఒళ్లు మండింది. పండితులే తలకిందులయ్యే రాత గురించి ఈవిడ నాకు చెప్పడమా అనుకున్నాను. "గొలుసుకట్టు నీకేం తెలుస్తుందమ్మా?" అన్నాను.

"తెలవదండి. అందుకే మూడు నెలలు పట్టింది."

ఎలా చదివావని అడిగాను. కువైట్‌లో వాళ్ల మేడం వంటింట్లో డబ్బాల మీద అరబ్బీ రాసి ఉండేదట. మూత తీసి లోపల జీలకర్రో యాలకులో చూసుకుని, పైన రాత పోల్చుకుని, అలా ఒక్కో మాటా నేర్చుకుందట. "ఇదీ అంతేనండి. మీ నకలు చూసుకుంటే డబ్బా మూత తీసినట్టేనండి," అంది.

సన్మానాలు చేయించుకునే పెద్దమనుషులందరినీ వరసగా నిలబెట్టి ఆవిడకు దణ్ణం పెట్టించాలి. నాతో మొదలుపెట్టి.

"'బాట' అన్న మాట పైన హద్దుల్లో ఉందండి. అదే మాట ఈ మూడు వరసల్లోనూ ఉంది. ఈ ఒక్క మాట మాత్రం పోల్చుకోలేకపోయేను. మీ నకల్లో ఎక్కడా లేదు. ఇదేటండి?"

కళ్లజోడు పెట్టుకున్నాను. చదవడానికి క్షణం కూడా పట్టలేదు. ఆ పుటలో అన్నిటికంటే తేటగా ఉన్నవి ఆ మూడు పంక్తులే. అక్షరాలు విడివిడిగా, నిదానంగా ఉన్నాయి. రాసినవాడికి కూడా అది కొత్త విషయం కాబట్టి చెయ్యి నెమ్మదించింది. అందరికీ ఉండే పాఠం మధ్యలో, నిధి నిక్షేపాలు అయ్యాక, ఇలా ఉంది: "పడమటి గట్టుమీదుగా పేటవారు శవములను గొనిపోవు బాట పూర్వమునుండి కలదు గనుక దానిని మీరు గాని మీ వారసులు గాని ఎన్నడును అటకాయించకూడదు."

"శవములను," అన్నాను. "అది శవములను అన్న మాట."

ఆవిడ పెన్సిలు తీసి ఆ మాట కింద గీత గీసుకుంది. తర్వాత చెప్పింది. తల్లి సుందరమ్మకు ఎనభై దాటాయి, ఆయాసం. తండ్రి పోయినప్పుడు తను కువైట్‌లో ఉంది, పనిచేసే ఇంటివాళ్లు రానివ్వలేదు. కాలువలో మోసేటప్పుడు ఒకతని కాలు జారి శవపెట్టె నీళ్లలో ఒరిగిందట. తల్లి గట్టున నిలబడి చూసిందట.

"మా అమ్మని అలా తీసుకెళ్లకూడదండి. దీని కోసమే వచ్చేసేను. మీరు రాసింది తప్పని మీరే రాసిస్తే తహసీల్దారు గారికి ఇస్తానండి."

కోపం లేదు, ఏడుపు లేదు. నకలు కావాలని అడిగినట్టే అడిగింది.

సంతకం

వెంటనే రాసిచ్చానని చెప్పుకుంటే బాగుండేది. రెండు రోజులు తాత్సారం చేశాను. ముద్ర వేసి, అసలుతో సరిచూశానని సంతకం పెట్టి ఇచ్చిన కాగితం అబద్ధమని నా చేత్తో నేనే రాయాలి. మా పాత సూపరింటెండెంటు గారికి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు, బహుశా వద్దనిపించుకోడానికే.

"ఎందుకండీ ఇప్పుడు తవ్వుకోవడం? ఈ వయసులో హాయిగా కూర్చోండి. కళ్లు కనపడవు, గుర్తులేదు అనేయండి," అన్నారు.

ఆ మాట ఆయన నోట విన్నాక నాకు సిగ్గేసింది. అన్నేళ్లూ ఈ మనిషి మెప్పుకోసమా నేను పరిగెత్తాను? చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిన దేవదానం అప్పటికి గుర్తొచ్చాడు. ఇంకో సంగతి కూడా ఆ రోజే ఒప్పుకున్నాను. ఆ మూడు పంక్తులు ఏ దేవుడి రథం వెళ్లే దారి గురించో అయి, మా వీధి పెద్దలెవరో వచ్చి మళ్లీ చూడమంటే, కుర్చీ వేసి కూర్చోబెట్టి సంపుటం తీసేదాన్ని. దేవదానానికి తీయలేదు. అది చెయ్యి తిరిగిన రోగం ఒక్కటే కాదు.

జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. విచారణ రోజు దీనమ్మతో కలిసి వెళ్లాను. చెరువుల యజమాని తన అసలు దస్తావేజు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ధీమాగా వచ్చాడు. తహసీల్దారు గారు దాన్ని నాకు ఇచ్చి చదవమన్నారు. సంపుటంలో ఉన్న ఆ మూడు పంక్తులూ అందులోనూ ఉన్నాయి. నేను చదువుతుంటే ఆ యజమాని ముఖం చూడాలి. పదకొండేళ్లు తన బీరువాలో పెట్టుకుని, ఆ కాగితం పేరు చెప్పి ఊరిని బెదిరించిన మనిషి ఒక్కనాడూ అందులో ఏముందో చదివించుకోలేదు.

"నాకు తెలవదండి. నిజంగా తెలవదు," అన్నాడు.

నమ్మాను. తెలియకపోవడాన్ని గొప్ప అర్హతగా మోసుకు తిరిగేవాళ్లు ఈ లోకంలో చాలామంది ఉన్నారు. కొన్నాళ్లకు గేటు తీయించారు. పేటవాళ్లు గట్టుమీద మట్టి పోసుకున్నారు.

బాట

దీనమ్మ ఫోన్ చేసింది. వాళ్లమ్మ ఆ బాటమీద నడుస్తానంటోందట, నన్ను కూడా రమ్మంటోందట. ఆటోలో వెళ్లాను.

సుందరమ్మ గారు కూతురి భుజం పట్టుకుని గేటు స్తంభాల దగ్గర నిలబడి ఉంది. ఎందుకమ్మా ఈ ఎండలో అన్నాను.

"చచ్చేకా మోసుకెళ్తే నాకేం తెలుస్తాదండి? కాళ్లాడుతుండగానే నడిచేత్తాను," అంది.

ఆగి ఆగి నడిచింది. రెండుపక్కలా చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. సగం దూరం వెళ్లాక నా వైపు తిరిగింది.

"ఆ కాగితం రాసింది మీరేనాండి?"

"నేనేనండి మామ్మగారూ."

"మా ఆయన మిమ్మల్ని మళ్లీ చూడమన్నాడంటండి. ఇంటికొచ్చి చెప్పేడు. పెద్దావిడ, చదువుకున్నావిడ, లేదందంటే లేదేమోలే అన్నాడు. వాళ్ల తాతే అబద్ధం చెప్పేడనుకున్నాడు. పోయేదాకా అలాగే అనుకున్నాడండి."

క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ మర్యాదకు పరవాలేదండి అనేస్తుంది. అది నేను పుచ్చుకోకూడదు.

దొడ్డిలో దేవదానం సమాధి మీద ఉన్నది సిమెంటు పలక. తాపీమేస్త్రీ తడిగా ఉన్నప్పుడు మేకుతో గీకిన అక్షరాలు, ఉప్పుగాలికి సగం పెచ్చులూడిపోయాయి.

"ఏం రాసేరో నాకెవరూ పూర్తిగా చదివి చెప్పలేదండి. పేరుంది అంటారు, ఊరుకుంటారు. మీరు చదవండి," అంది.

మోకాళ్లమీద కూర్చున్నాను. వేలు పెట్టి చదివాను. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, పేట పేరు, సుందరమ్మ భర్త అన్న మాట. కింద, ప్రభువునందు నిద్రించెను. అక్కడున్న ప్రతి పలకమీదా ఉండే మాటే. దాన్నీ అక్షరం అక్షరం చదివాను.

"అంతేనాండి? ఇంకేం లేదా? మళ్లీ ఓసారి చూడండి."

చీర చెంగుతో నాచు తుడిచాను. మొదటినుంచి మళ్లీ చదివాను. పలక అంచులు చూశాను, వెనకవైపు తడిమి చూశాను. ఇంకేమీ లేదు.

"లేదు మామ్మగారూ."

"ఆయ్," అంది. "చూసి చెప్పేరు."